పాత డీజిల్ కారుకు టర్బో ఇంజన్ - వేయించాలా? వద్దా?

ఈ రోజుల్లో 'టర్బో' అనే మాట వినని వారుండరు. లారీల వెనుక, కార్ల డిక్కీల మీద, ఆఖరికి కొన్ని టార్చిలైట్ల మీద కూడా ఆ మాట కనిపిస్తుంది. టర్బో అంటే ఎక్కువ బలం, ఎక్కువ వేగం అని అందరికీ తెలుసు. అందుకే పాత డీజిల్ కారు నడుపుకొనే వారికి ఎప్పుడో ఒకప్పుడు ఒక ఆలోచన వస్తుంది. "బండి బాగానే ఉంది. ఇంజనే పాతబడింది. దీన్ని తీసేసి టర్బో ఇంజన్ వేస్తే కొత్త బండి అయిపోదా?" అని.

ఆటోమొబైల్ డిప్లమా చదువుతున్న మేము ముగ్గురం ఈ హాస్టల్లో ఒకే గదిలో ఉంటున్నాము. 2023 సంక్రాంతి సెలవుల్లో ఈ ప్రశ్న మా ముందుకే వచ్చింది. మాలో ఒకడి నాన్నగారు మార్కాపురంలో టాక్సీ నడిపేవారు. మేమందరం ఆయన్ను బాబాయ్ అనే పిలుస్తాం. ఆయన బండి 2009 మోడల్ ఇండికా డీజిల్, టర్బో లేనిది. శివరాత్రి ఫిబ్రవరి 18న వస్తుందనగా, దోర్నాల నుండి శ్రీశైలం వెళ్ళే ఘాట్ రోడ్డులో ఆ బండి ఎక్కలేక మొరాయించడం మొదలుపెట్టింది. ఒక షెడ్డు మేస్త్రి "టర్బో ఇంజన్ ఉంది. అన్నీ కలిపి 70,000 అవుతుంది" అన్నాడు. బాబాయ్ మూడు రూపాయల వడ్డీకి అప్పు కూడా మాట్లాడుకున్నారు. ఇచ్చే ముందు రోజు రాత్రి మాకు ఫోను చేసి, "అబ్బాయిలూ, మీరు చదివేది ఇదే కదా, ఏం చెయ్యమంటారు?" అని అడిగారు.

మాకు వెంటనే జవాబు తెలియలేదు. మా వర్క్‌షాపు ఇన్‌స్ట్రక్టర్ గారిని అడిగి, పుస్తకాలు తిరగేసి, బండిని విప్పి చూసి తెలుసుకున్న సంగతులను ఇక్కడ వివరిస్తున్నాము. మన హాస్టల్ విద్యార్థుల ఇళ్ళలో ఆటో, ట్రాలీ, జీపు, టాక్సీ మీద బ్రతికే కుటుంబాలు చాలా ఉన్నాయి. వారికి ఇది పనికివస్తుందని మా ఆశ.

డీజిల్ ఇంజన్ ఊపిరి

జర్మనీకి చెందిన రుడాల్ఫ్ డీజిల్ తయారుచేసిన ఇంజన్ 1897లో ఆగ్స్‌బర్గ్ నగరంలో విజయవంతంగా నడిచింది. పెట్రోలు ఇంజన్‌లో నిప్పురవ్వ కోసం స్పార్క్ ప్లగ్గు ఉంటుంది. డీజిల్ ఇంజన్‌లో అది ఉండదు. గాలిని బాగా నొక్కితే వేడెక్కుతుంది. సైకిల్ పంపు కొట్టేటప్పుడు కింది భాగం చేతికి వెచ్చగా తగలడం మనందరికీ అనుభవమే. డీజిల్ ఇంజన్ అదే పనిని ఇంకా గట్టిగా చేస్తుంది. పాత తరహా కారు ఇంజన్లలో గాలిని సుమారు ఇరవై రెండో వంతుకు కుదిస్తారు. అప్పుడు పుట్టిన వేడికి, నాజిల్ చిమ్మిన డీజిల్ తనంతట తానే మండుతుంది.

ఒక కిలో డీజిల్ పూర్తిగా మండాలంటే సుమారు పద్నాలుగున్నర కిలోల గాలి కావాలి. అంటే ఇంజన్ బలం ఎంత డీజిల్ పోశామన్న దాని మీదే కాదు, ఎంత గాలి పీల్చిందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. గాలి చాలకుండా డీజిల్ ఎక్కువ పోస్తే మిగిలిన డీజిల్ నల్లటి పొగై సైలెన్సర్ నుండి బయటకు పోతుంది. ఆ పొగ మన డబ్బే.

ఇండికా సంగతే చూద్దాం. టాటా వారు 1998 డిసెంబరులో ఈ కారును విడుదల చేశారు. 2001లో 'వీ2' వచ్చింది. దీని డీజిల్ ఇంజన్‌ను 475 అంటారు. 4 అంటే నాలుగు సిలిండర్లు. 75 అంటే సిలిండర్ బోరు 75 మిల్లీమీటర్లు. పిస్టన్ కదిలే దూరం 79.5 మిల్లీమీటర్లు. లెక్క కడితే నాలుగు సిలిండర్లకు కలిపి 1405 సీసీ వస్తుంది. (సుమోలోని 483 ఇంజన్‌కూ ఇదే లెక్క. 83 మిల్లీమీటర్ల బోరు, 90 మిల్లీమీటర్ల స్ట్రోకు, 1948 సీసీ.) టర్బో లేని 475 ఇంజన్ గరిష్ఠ శక్తి సుమారు 54 హార్స్‌పవర్. తిప్పే బలం, అంటే టార్క్, సుమారు 85 న్యూటన్ మీటర్లు.

టర్బో చేసే పని

టర్బో లేని ఇంజన్ తన పిస్టన్ కిందికి దిగినప్పుడు ఎంత గాలి వస్తే అంతే తీసుకుంటుంది. టర్బో ఉన్న ఇంజన్‌కు గాలిని బలవంతంగా లోపలికి నెడతారు. ఈ ఆలోచనకు స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూకి 1905లోనే పేటెంటు పొందారు. మొదట ఓడలకు, రైలింజన్లకు వాడారు. కార్ల దాకా రావడానికి చాలా కాలం పట్టింది. టర్బో డీజిల్ ఇంజన్‌తో మార్కెట్లోకి వచ్చిన మొదటి కారు 1978 నాటి మెర్సిడెస్ 300 ఎస్‌డీ.

టర్బోలో ఒకే ఇరుసుకు రెండు చివర్ల రెండు చిన్న చక్రాలుంటాయి. ఒక చక్రాన్ని సైలెన్సర్ వైపు పోయే వేడి పొగ తిప్పుతుంది. దాంతో రెండో చక్రం తిరిగి బయటి గాలిని లాగి ఇంజన్‌లోకి నొక్కుతుంది. వృథాగా పోయే పొగతోనే పని చేయించుకోవడం ఇందులోని తెలివి. ఈ ఇరుసు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది. అంత వేగాన్ని తట్టుకోవడానికి దానికి ఆధారం పల్చని ఆయిల్ పొర ఒక్కటే. ఆయిల్ మురికిగా ఉన్నా, సమయానికి అందకపోయినా టర్బో పాడవుతుంది. నొక్కిన గాలి వేడెక్కుతుంది కనుక, దాన్ని చల్లబరచడానికి కొన్ని బండ్లలో ఇంటర్‌కూలర్ అనే చిన్న రేడియేటర్ కూడా పెడతారు.

టాటా వారు ఇదే 1405 సీసీ ఇంజన్‌కు టర్బో జోడించి ఇండిగోలోనూ, తర్వాత ఇండికాలోనూ ఇచ్చారు. ఇంటర్‌కూలర్ ఉన్న రకంలో శక్తి సుమారు 70 హార్స్‌పవర్‌కు, టార్క్ సుమారు 135 న్యూటన్ మీటర్లకు పెరిగింది. నిమిషానికి 2500 చుట్ల దగ్గర చూస్తే పాత ఇంజన్ సుమారు 30 హార్స్‌పవర్ ఇస్తుంటే, టర్బో ఇంజన్ 48 దాకా ఇస్తుంది. తేడా చిన్నది కాదు. మేస్త్రి చెప్పిన మాటలో ఇంతవరకు అబద్ధం లేదు.

ఘాట్ ఎక్కడానికి ఎంత బలం కావాలి?

ఇక్కడే మా ఇన్‌స్ట్రక్టర్ గారు మమ్మల్ని ఆపి, "ముందు కావలసింది ఎంతో లెక్క కట్టండి. ఆ తర్వాత కొనండి" అన్నారు. ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రం చదివిన వారెవరైనా ఈ లెక్క చేయవచ్చు.

ఇండికా బరువు సుమారు 1000 కేజీలు. డ్రైవరుతో కలిపి ఐదుగురు మనుషులు, సామాను కలిపి మరో 400 కేజీలు. మొత్తం 1400 కేజీలు. రోడ్డు ప్రతి 15 అడుగులకు ఒక అడుగు ఎత్తు లేస్తోందనుకుందాం. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలి. బరువును పైకి లాగడానికి సుమారు 7,600 వాట్లు కావాలి. టైర్ల రాపిడికి మరో 1,700 వాట్లు. రెండూ కలిపి 9,300 వాట్లు. ఒక హార్స్‌పవర్ 746 వాట్లు కాబట్టి ఇది పన్నెండున్నర హార్స్‌పవర్. గేర్లలో కొంత పోతుంది కనుక పద్నాలుగు అనుకుందాం.

పద్నాలుగు! పాత ఇంజన్ 2500 చుట్ల దగ్గరే 30 ఇవ్వగలదు. అంటే ఆరోగ్యంగా ఉన్న టర్బో లేని ఇండికా కూడా, సరైన గేరులో నడిపితే, ఐదుగురితో ఆ ఎత్తు ఎక్కాలి. ఎక్కలేకపోతోందంటే ఉన్న బలంలో సగానికి పైగా ఎక్కడో పోతోందన్న మాట.

మరి టర్బో దేనికి? అదే ఎత్తును 30కి బదులు 50 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే 23 హార్స్‌పవర్‌కు పైగా కావాలి. ముందున్న బస్సును దాటాలంటే ఇంకా కావాలి. అప్పుడు టర్బో ఉపయోగం తెలుస్తుంది. మాటిమాటికీ గేరు మార్చే అవసరం కూడా తగ్గుతుంది. మాకు అర్థమైన అసలు విషయం ఇదే. టర్బో మనకు వేగాన్ని కొనిపెడుతుంది. పోయిన ఆరోగ్యాన్ని తిరిగి తెచ్చిపెట్టదు. జబ్బు చేసి నడవలేని మనిషికి కావలసింది మందు. పరుగు పందెం బూట్లు కాదు.

పోయిన బలం ఎక్కడ పోతుంది?

ఈ లెక్క బాబాయ్‌కి చెప్పి, అప్పు తీసుకోవడం నాలుగు రోజులు ఆపమన్నాం. సెలవుల్లో మార్కాపురం వెళ్ళి, ఇన్‌స్ట్రక్టర్ గారు రాసిచ్చిన వరుసలోనే బండిని చూశాం. ఖర్చు లేని పరీక్షలు ముందు, ఖర్చున్నవి తర్వాత. మీరూ ఇదే వరుసలో చూసుకోవచ్చు.

1. చక్రాలు: బండిని జాకీ మీద లేపి, న్యూట్రల్‌లో పెట్టి చేత్తో తిప్పాలి. బాబాయ్ బండికి ముందు కుడి చక్రం బిగుసుకుపోయి తిరిగింది. బ్రేకు కాలిపర్ పట్టేసి ఉంది. అంటే బ్రేకు నొక్కుకుంటూ ఘాట్ ఎక్కుతున్నట్టే. టైర్లలో గాలి కూడా తక్కువగానే ఉంది.

2. ఎయిర్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్: ముక్కు మూసుకుని పరుగెత్తలేం కదా. ఎయిర్ ఫిల్టర్ విప్పితే గుప్పెడు ఎర్రదుమ్ము రాలింది.

3. క్లచ్: హ్యాండ్‌బ్రేకు గట్టిగా లాగి, మూడో గేరు వేసి, క్లచ్ మెల్లగా వదలాలి. ఇంజన్ వెంటనే ఆగిపోతే క్లచ్ బాగున్నట్టు. ఆగకుండా తిరుగుతుంటే క్లచ్ ప్లేటు జారుతున్నట్టు. బాబాయ్ బండిలో కాసేపు తిరిగి ఆగింది. ఇంజన్ ఇచ్చే బలం చక్రాల దాకా చేరడం లేదు.

4. పొగ రంగు: నల్లపొగ వస్తే గాలి తక్కువ, లేదా నాజిల్స్, పంపు సరిగా లేవు. నీలంపొగ వస్తే ఇంజన్ ఆయిల్ మండుతోంది. అంటే రింగులో, వాల్వు సీళ్ళో అరిగాయి. ఇంజన్ వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే డీజిల్ మండకుండా పోతోందని గాని, హెడ్ గాస్కెట్ పోయి నీళ్ళు లోపలికి వస్తున్నాయని గాని అనుమానించాలి. ఇక్కడ మాకు కనిపించింది నల్లపొగ.

5. కంప్రెషన్ పరీక్ష: ఇది షెడ్డులో చేయించాలి. నాలుగు సిలిండర్లలోనూ గాలి ఒత్తిడి దాదాపు సమానంగా ఉండాలి. బాబాయ్ బండిలో మూడు బాగున్నాయి. ఒకటి తక్కువ చూపింది. ఆ సిలిండర్‌లో కొంచెం ఆయిల్ పోసి మళ్ళీ చూశారు. రింగులు అరిగి ఉంటే ఆయిల్ పోయగానే ఒత్తిడి పెరుగుతుంది. పెరగలేదు. అంటే లోపం రింగుల్లో లేదు, పైన హెడ్‌లోని వాల్వుల్లో ఉంది. కింది ఇంజన్ విప్పే పని తప్పిందని అందరికీ ఊపిరి వచ్చింది.

ఆ మేస్త్రి ఇవేవీ చూడకుండానే ఇంజన్ మార్చమన్నాడు. ఆయన మోసగాడని మేము అనడం లేదు. ఇంజన్ మార్చడం ఆయనకు తెలిసిన పని, అదే చెప్పాడు. చూడమని మనం అడగకపోవడం మన తప్పు.

టర్బో ఇంజన్ వేస్తే ఏమేం మార్చాలి?

ఇందులో రెండు మార్గాలున్నాయి. రెండూ వేరువేరు సంగతులు.

మొదటిది, పాత ఇంజన్‌కే టర్బో తగిలించడం. ఖర్చు తక్కువ అని కొందరు ఇది చెబుతారు. కంపెనీ వారు టర్బో ఇంజన్ తయారు చేసేటప్పుడు పిస్టన్లు, రింగులు, హెడ్ గాస్కెట్, ఆయిల్ పంపు అన్నీ ఆ ఒత్తిడికి తగ్గట్టు చూసుకుంటారు. పిస్టన్ అడుగున ఆయిల్ చిమ్మి చల్లబరిచే ఏర్పాటు కూడా చాలా టర్బో ఇంజన్లలో ఉంటుంది. మామూలు ఇంజన్‌కు ఇవేవీ ఉండవు. దానికి టర్బో తగిలిస్తే కొన్నాళ్ళు బాగా లాగుతుంది. తర్వాత గాస్కెట్ పోవడమో, పిస్టన్ కరగడమో జరుగుతుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అవుతుంది.

రెండవది, టర్బో ఇంజన్‌ను పూర్తిగా తెచ్చి పెట్టడం. ఇది మొదటిదాని కన్నా మేలు. కానీ ఇంజన్ ఒక్కటే తెస్తే చాలదు. దానితో పాటు దాని డీజిల్ పంపు రావాలి. ఎందుకంటే టర్బో గాలి పెరిగినప్పుడు డీజిల్ పెంచే ఏర్పాటు దానిలోనే ఉంటుంది. దాని రేడియేటర్, ఇంటర్‌కూలర్, గొట్టాలు, టర్బోకు ఆయిల్ పోయి వచ్చే పైపులు, సైలెన్సర్ ముందు భాగం, క్లచ్ సెట్టు రావాలి. ఎక్కువ టార్క్‌ను గేరుబాక్సు, ముందు చక్రాల యాక్సిల్ షాఫ్టులు మోయగలవో లేదో చూడాలి. వేగం పెరిగింది కనుక బ్రేకులూ చూడాలి. "అన్నీ కలిపి 70,000" అన్న మాటలో ఏవేవి కలిశాయని బాబాయ్ మేస్త్రిని అడిగితే ఇంజన్, టర్బో, బిగించే కూలీ అని మాత్రమే చెప్పాడు.

పాత ఇంజన్ కొనేటప్పుడు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. అది ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో ఎవరూ చెప్పలేరు. మన ఇంజన్ జబ్బు మనకు తెలుసు. కొన్న ఇంజన్ జబ్బు కొన్నాక గాని తెలియదు.

చట్టం ఏమంటుంది?

ఇంజన్ నంబరు ఆర్‌సీలో ఉంటుంది. కాబట్టి ఇంజన్ మార్చడం మన ఇంటి వ్యవహారం కాదు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు కూడా 2019 జనవరిలో ఇచ్చిన తీర్పులో ఈ సంగతి స్పష్టం చేసింది. అదే సంవత్సరం చట్టానికి చేసిన సవరణలో, అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని విధించవచ్చని చేర్చారు.

పాడైన ఇంజన్ స్థానంలో అదే రకం ఇంజన్ పెట్టుకోవడం వేరు. ఆర్‌టీఓ ఆఫీసులో అనుమతి తీసుకొని, కొత్త నంబరు ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. వేరే రకం ఇంజన్ పెట్టడం వేరు. దీనికి ముందుగా రాతపూర్వకంగా అనుమతి లేకుండా ఒక్క బోల్టు కూడా విప్పకూడదు. "ఎవరు చూస్తారులే" అనుకుంటే, టాక్సీకి ఎఫ్‌సీ చేయించే రోజున చూస్తారు. ఎవరూ చూడకపోయినా, ప్రమాదం జరిగిన రోజున ఇన్సూరెన్సు వారు తప్పకుండా చూస్తారు. ఆ రోజు క్లెయిమ్ ఆగిపోతే ఎక్కించుకున్న ప్రయాణికుల కుటుంబాలకూ, మన కుటుంబానికీ నష్టమే.

స్క్రాప్‌లో ఇంజన్ కొనేవారు అది ఏ బండిదో, ఆ బండి ఆర్‌సీ నకలు, బిల్లు తప్పక అడగాలి. దొంగ బండి ఇంజన్ అయితే కొన్న పాపానికి పోలీసు స్టేషన్ చుట్టూ తిరగాలి. మనలాంటి వారికి ఒక్క కేసు చాలు, చదువు గాని, బతుకుతెరువు గాని ఆగిపోవడానికి.

డబ్బు లెక్క

మేము బాబాయ్‌తో కూర్చుని కాగితం మీద వేసిన లెక్క ఇది. టర్బో వేశాక వారానికి ఒక ట్రిప్పు ఎక్కువ దొరుకుతుందనుకుందాం. డీజిల్ పోను ట్రిప్పుకు 800 మిగులుతుందనుకుందాం. నెలకు 3,200. చేతి డబ్బు అయితే 70,000 తిరిగి రావడానికి 22 నెలలు పడుతుంది. కానీ చేతిలో డబ్బు లేదు. మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు 2,100 వడ్డీకే పోతుంది. మొదటి నెల అసలుకు జమయ్యేది 1,100. నెలనెలా 3,200 తప్పకుండా కట్టుకుంటూ పోయినా అప్పు తీరడానికి 36 నెలలు, అంటే మూడేళ్ళు పడుతుంది.

బండికి 2024 ఆగస్టుతో పదిహేనేళ్ళు నిండుతాయి. పదిహేనేళ్ళు దాటిన బండ్లకు ఫిట్‌నెస్ ఫీజులను కేంద్రం 2022 ఏప్రిల్ 1 నుండి బాగా పెంచింది. బండికి మిగిలిన మంచి కాలం ఏడాదిన్నర. అప్పు కాలం మూడేళ్ళు. బండి పోయాక కూడా దాని ఇంజన్‌కు వడ్డీ కట్టాలి. ఈ లెక్క చూసి బాబాయ్ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పాప ఫీజు కూడా జూన్‌లోనే కదా కట్టాల్సింది" అన్నారు. మా మిత్రుని చెల్లెలు అప్పుడు ఇంటర్ రెండో సంవత్సరంలో ఉంది.

చివరకు చేయించిన పనులు ఇవి. హెడ్ దించి వాల్వులు గ్రైండింగ్, కొత్త గాస్కెట్, కూలీతో 9,000. నాలుగు నాజిల్స్ సర్వీసు, పంపు కాలిబ్రేషన్ 7,500. క్లచ్ సెట్టు 6,000. ఫిల్టర్లు, ఇంజన్ ఆయిల్ 2,900. బ్రేకు కాలిపర్ పని 1,800. మొత్తం 27,200. అందులో 12,000 బాబాయ్ దగ్గరే ఉన్నాయి. మిగిలినవి పిన్ని డ్వాక్రా సంఘంలో తక్కువ వడ్డీకి తీసుకున్నారు.

శివరాత్రికి ఇండికా శ్రీశైలం ఎక్కింది. రెండో గేరులో, కొన్నిచోట్ల మూడో గేరులో, నెమ్మదిగానే ఎక్కింది. కొత్త బండ్లు హారన్ కొట్టి దాటిపోయాయి. కానీ దారిలో ఎక్కడా ఆగలేదు. బాబాయ్ ఇంకో నిర్ణయం కూడా తీసుకున్నారు. అంతకు ముందు ఐదుగురి బండిలో ఏడుగురిని ఎక్కించేవారు. ఆ తర్వాత ఎక్కించలేదు. ట్రిప్పుకు కొంత తగ్గింది. క్లచ్, బ్రేకులు, టైర్లు ఎక్కువ కాలం వచ్చాయి. ఏ ఇంజన్ వేసినా బ్రేకులు మాత్రం ఐదుగురి కోసం చేసినవే కదా.

మరి ఎప్పుడు వేయించవచ్చు?

టర్బో వద్దే వద్దని మేము చెప్పడం లేదు. ఈ క్రింది ఐదు ప్రశ్నలకూ 'అవును' అని జవాబు వస్తే ఆలోచించవచ్చు.

1. మన ఇంజన్ నిజంగానే బాగుచేయడానికి వీల్లేకుండా పోయిందా? (బ్లాకు పగలడం, క్రాంక్ షాఫ్టు విరగడం వంటివి.)

2. అదే కంపెనీ, అదే మోడల్ బండికి ఆ టర్బో ఇంజన్‌ను తానే అమర్చి అమ్మిందా?

3. ఇంజన్‌తో పాటు పంపు, రేడియేటర్, క్లచ్, గొట్టాలతో సహా పూర్తి సామాను, దాని కాగితాలు దొరుకుతున్నాయా?

4. ఆర్‌టీఓ ఆఫీసు నుండి ముందుగా రాతపూర్వక అనుమతి వచ్చిందా?

5. పెట్టిన డబ్బు తిరిగి వచ్చేంత కాలం బండి బాడీ, ఛాసిస్, పర్మిటు ఉంటాయా?

ఒక్కదానికి 'కాదు' అని వచ్చినా ఆ డబ్బును ఉన్న ఇంజన్ ఆరోగ్యానికి ఖర్చు పెట్టడం, లేదా దాచుకుని కంపెనీయే టర్బో అమర్చిన బండిని కొనుక్కోవడం మంచిది.

ఇప్పటికే టర్బో బండి ఉన్నవారికి కూడా రెండు మాటలు. స్టార్టు చేయగానే రేజు చేయకండి. ఆయిల్ టర్బో దాకా చేరడానికి కొన్ని క్షణాలు ఇవ్వండి. ఘాట్ ఎక్కి వచ్చిన వెంటనే ఇంజన్ ఆపకండి. ఒకటి రెండు నిమిషాలు మెల్లగా తిరగనివ్వండి. ఇంజన్ ఆపితే ఆయిల్ ఆగిపోతుంది. వేడి మీద ఉన్న టర్బోలో నిలిచిన ఆయిల్ మాడి బొగ్గవుతుంది. కంపెనీ చెప్పిన ఆయిల్‌ను చెప్పిన సమయానికి మార్చండి.

ముగింపు

బాబాయ్ ఆ ఇండికాను 2024 జులైలో, పదిహేనేళ్ళు నిండడానికి నెల ముందు అమ్మేశారు. అప్పటికి డ్వాక్రా అప్పు తీరిపోయింది. చెల్లి డిగ్రీలో చేరింది. బండి కొన్నవారు ఇంజన్ శబ్దం విని, "ఇంజన్ మార్చారా?" అని అడిగారట. "లేదు, చూయించాను" అన్నారట బాబాయ్.

తరగతిలో కంప్రెషన్ రేషియో, టార్క్, హార్స్‌పవర్ అని రాసుకునేటప్పుడు ఇవి పరీక్షల్లో మార్కులకే అనుకునేవాళ్ళం. ఒక ఇంట్లో 70,000 అప్పు ఆగడానికి ఆ లెక్కే కారణమైనప్పుడు మాకు మా చదువు విలువ తెలిసింది. మన ఇళ్ళలో చాలామందికి ఇలాంటి లెక్క వేసి చెప్పేవారు లేరు. ఇకపై మనమే ఆ చెప్పేవాళ్ళం కావాలి. మీ ఊళ్ళో ఎవరైనా పాత బండికి టర్బో వేయిస్తామంటే వద్దని వాదించకండి. ముందు చక్రాలు చేత్తో తిప్పి చూడమనండి, ఎయిర్ ఫిల్టర్ విప్పి చూడమనండి. ఆ తర్వాత కాగితం, కలం తీసుకొని వారి పక్కన కూర్చోండి.